పాత డొమైన్ కొన్నాం, గూగుల్‌లో ఇంకా పాత స్లాట్ సైటు పేరే వస్తోంది

పచ్చడి_జాడీ

నమస్కారమండీ. పచ్చళ్లు, పొడులు అమ్మే ఆన్‌లైన్ షాపు కోసం ఒక రిజిస్ట్రార్ వేలంలో పాత డాట్ కామ్ డొమైన్ తీసుకున్నాం. మొదట రిజిస్టరైంది 2011లో. వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్‌సైట్ల పాత కాపీలు దాచే చోటు) చూస్తే 2018 దాకా ఎవరిదో ట్రావెల్ బ్లాగు, తర్వాత కొన్నాళ్లు ఖాళీ, 2022 నుంచి ఇండొనేషియా భాషలో స్లాట్ జూదం పేజీలు, చివర్లో పార్కింగ్ పేజీ (వాడకంలో లేని డొమైన్ మీద పెట్టే తాత్కాలిక పేజీ). ఇప్పుడు దాని మీద వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్), వూకామర్స్ (దానికి షాపు ప్లగిన్) నడుస్తున్నాయి.

షాపు పేరు కొడితే హోమ్‌పేజీ వస్తోంది. టైటిలూ మాదే, కింద వివరణా మాదే. కానీ ఆ పైన సైట్ పేరు ఉండే చోట పాత స్లాట్ సైటు పేరు, పక్కన వాళ్ల ఐకాన్! సైట్ కోలన్ పెట్టి డొమైన్ వెతికితే ఇండొనేషియన్ పేజీలు వేలల్లో ఉన్నాయి. మా ప్రొడక్ట్ పేజీలేమో సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్) "డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" (తెలుసు గానీ గూగుల్ జాబితాలో ఇంకా చేరలేదు) అని కూర్చున్నాయి.

ఇప్పటిదాకా చేసినవి: పాత ఫోల్డర్లను రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో డిజాలో (సెర్చ్ రోబోలు తెరవొద్దు) అని పెట్టాం. 404 (పేజీ లేదు) వచ్చేవన్నీ ప్లగిన్‌తో హోమ్‌పేజీకి 301 (శాశ్వత మళ్లింపు) చేశాం. కొన్ని పేజీలకు రిమూవల్స్ టూల్ (ఫలితాల్లోంచి తాత్కాలికంగా దాచేది) వాడాం. ఇంకేం చేయాలి? డిజవో ఫైలు (ఫలానా లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) కూడా పెట్టమని ఒకరు చెప్పారు, పెట్టాలా?

---

క్రాల్_బావ

ముందు ఆ డిజాలో తీసేయండి. తర్వాత ఆ 301 ప్లగిన్ ఆపేయండి. ఈ రెండూ కలిసి మీకు అడ్డం తిరుగుతున్నాయి.

రోబోట్స్ ఫైలు క్రాల్ చేయొద్దంటుంది (పేజీని తెరిచి చదవొద్దని), అంతే. ఇండెక్స్‌లోంచి తీసేయమని చెప్పదు. గూగుల్ ఆ పాత పేజీని మళ్లీ తెరిచి "ఇక్కడేమీ లేదు" అని చూసుకుంటేనే దాన్ని తీసేస్తుంది. మీరు తలుపుకి తాళం వేసి, లోపల సామాను ఖాళీ చేశామని చెబుతున్నారు. వాళ్లకు తెలిసేదెలా? డిజాలో లైన్లు తీసేశాక కూడా పాత రోబోట్స్ ఫైలు కాపీ 24 గంటల వరకు క్యాష్‌లో ఉండొచ్చు, కాబట్టి వెంటనే మార్పు రాలేదని కంగారు పడకండి.

301 సంగతి. సంబంధం లేని పేజీలన్నింటినీ హోమ్‌పేజీకి మళ్లిస్తే గూగుల్ చాలావరకు వాటిని సాఫ్ట్ 404 (పేరుకే పేజీ, నిజానికి లేనట్టే) కింద లెక్కేస్తుంది. అంటే మీకు కలిసొచ్చేదేమీ లేదు. నష్టం మాత్రం ఉంది: ఆ స్లాట్ పేజీలకు ఎక్కడెక్కడి నుంచో జూదం మాటలతో ఉన్న లింకులన్నీ ఇప్పుడు మీ పచ్చళ్ల హోమ్‌పేజీకే దారి చూపుతున్నాయి. పాత చిరునామాలకు సూటిగా 404 గానీ 410 (శాశ్వతంగా తీసేశాం) గానీ ఇవ్వండి. గూగుల్ రెండింటినీ దాదాపు ఒకేలా చూస్తుంది, 410 కాస్త త్వరగా పని చేస్తుందంటారు. దాని మీద వాదన అనవసరం, మీ సర్వర్లో ఏది తేలికైతే అది.

వర్డ్‌ప్రెస్‌లో రెండు చోట్ల ఇది మోసం చేస్తుంది. ఒకటి: పాత చిరునామా డొమైన్ తర్వాత ప్రశ్నార్థకంతో మొదలయ్యే రకమైతే (స్లాట్ ఈక్వల్స్ ఫలానా అన్నట్టు), తనకు తెలియని ఆ పారామీటర్‌ను వర్డ్‌ప్రెస్ పట్టించుకోదు. హోమ్‌పేజీనే 200 (పేజీ ఉంది) కోడ్‌తో ఇచ్చేస్తుంది. మీరు 404 అనుకుంటారు, గూగుల్‌కి మాత్రం నిక్షేపంగా బతికున్న పేజీ. ఆ పారామీటర్ పేరు పట్టుకుని సర్వర్ సెట్టింగుల్లో, అంటే హెచ్‌టీయాక్సెస్‌లోనో ఎన్‌జిన్ఎక్స్‌లోనో 410 రూల్ రాయాలి. రెండోది: లేని పేజీ అడిగితే స్లగ్ (చిరునామా చివర ఉండే పేరు) దగ్గరగా ఉన్న మరో పేజీకి వర్డ్‌ప్రెస్ తనంతట తానే 301 ఇస్తుంది. అందుకే బ్రౌజర్లో చూసి నమ్మకండి. కమాండ్ లైన్లో కర్ల్‌కి పెద్ద ఐ ఆప్షన్ ఇచ్చి హెడర్ చూడండి, మొదటి లైన్లో 404 లేదా 410 ఉండాలి.

ఇక సైట్ పేరు, ఐకాన్. ఇవి ఆ వేల పేజీలతో సంబంధం లేని వేరే వ్యవహారం. గూగుల్ ఫలితంలో ఒక్కో ముక్క ఒక్కో చోట నుంచి వస్తుంది, ఒక్కోటి ఒక్కో వేగంతో మారుతుంది. టైటిల్, వివరణ హోమ్‌పేజీని మళ్లీ క్రాల్ చేయగానే మారాయి. సైట్ పేరు మాత్రం డొమైన్ మొత్తానికి ఒకటే ఉంటుంది. దాన్ని హోమ్‌పేజీలోని వెబ్‌సైట్ రకం స్కీమా (సైటు వివరాలు గూగుల్‌కి చెప్పే కోడు), టైటిల్, హెడింగులు, ఓజీ సైట్‌నేమ్ ట్యాగు (లింకు షేర్ చేస్తే కనిపించే వివరాల్లో సైటు పేరు) వీటన్నింటి నుంచి ఎంచుకుంటుంది. ఇది మారడానికి రోజుల నుంచి వారాలు పడుతుంది.

చేయాల్సింది: హోమ్‌పేజీ సోర్స్ తెరిచి, ఆ స్కీమా ఉండే జేసన్-ఎల్‌డీ బ్లాకులో వెబ్‌సైట్ టైపు ఎన్నిసార్లు ఉందో చూడండి. ఎస్‌ఈఓ ప్లగిన్ ఒకటి, థీమ్ ఒకటి విడివిడిగా రాసి, రెండింట్లో రెండు పేర్లు ఉండటం మామూలే. ఒక్కటే ఉంచండి. నేమ్ దగ్గర షాపు పేరు, ఆల్టర్నేట్ నేమ్ దగ్గర ఇంకో రూపం, చివరి ప్రత్యామ్నాయంగా డొమైన్ పేరే ఇవ్వండి. యూఆర్‌ఎల్ దగ్గర హోమ్‌పేజీ అసలు చిరునామా ఉండాలి, సబ్‌ఫోల్డర్ కాదు. అదే పేరు ఓజీ సైట్‌నేమ్‌లోనూ, టైటిల్‌లోనూ ఉండాలి.

ఐకాన్ చతురస్రంగా, 48 పిక్సెళ్ల కన్నా పెద్దదిగా ఉంటే మంచిది. వర్డ్‌ప్రెస్ సైట్ ఐకాన్‌లో 512 పిక్సెళ్ల బొమ్మ పెడితే సరిపోతుంది. రూట్ ఫోల్డర్లో ఫేవికాన్ డాట్ ఐకో ఫైలు ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే ఆ ఫైలును నేరుగా అడిగినవాళ్లకు మీరు పెట్టిన ఐకాన్‌కి బదులు అదే వెళ్తుంది. గూగుల్‌బాట్-ఇమేజ్‌ని రోబోట్స్‌లో ఆపకూడదు. ఐకాన్ చిరునామా మాటిమాటికీ మార్చకండి.

---

నేమ్‌సర్వర్_నాయుడు

పైన చెప్పినవన్నీ సరే గానీ, టైటిల్ మారి సైట్ పేరు మారలేదంటే నాకు వేరే అనుమానం. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, ఇలా మీ హోమ్‌పేజీకి నాలుగు రూపాలున్నాయి. నాలుగూ ఒకే చోటికి 301తో చేరాలి. వేలంలో కొన్నవాటిలో తరచూ జరిగేదేంటంటే, డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే వ్యవస్థ) మెయిన్ డొమైన్ "ఎ" రికార్డు కొత్త హోస్టింగ్‌కి మారుస్తారు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ సీనేమ్ (ఒక పేరును మరో పేరు వైపు చూపే రికార్డు) మాత్రం పార్కింగ్ సర్వీసు వైపే ఉండిపోతుంది. అలాగే స్టార్ గుర్తుతో వైల్డ్‌కార్డ్ రికార్డు ఉంటే నోటికొచ్చిన సబ్‌డొమైన్ (డొమైన్ ముందు చుక్కతో చేర్చే పేరు) కొట్టినా మీ షాపు తెరుచుకుంటుంది. స్లాట్ వాళ్లు సబ్‌డొమైన్ల మీద కూడా పేజీలు పెడుతుంటారు. సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లో (జారీ అయిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ల బహిరంగ జాబితా) డొమైన్ పేరు వెతికితే పాతవాళ్లు ఏయే సబ్‌డొమైన్లకు సర్టిఫికెట్లు తీసుకున్నారో తెలుస్తుంది.

సెర్చ్ కన్సోల్‌లో మీరు వెరిఫై చేసింది ఏ రకం ప్రాపర్టీ? యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ అయితే సబ్‌డొమైన్ల సంగతి అసలు కనబడదు. డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టి డొమైన్ ప్రాపర్టీ తీసుకోండి. అప్పుడు ఇవి చూడండి:

సెక్యూరిటీ అండ్ మాన్యువల్ యాక్షన్స్. యజమాని మారినా మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది చూసి వేసే శిక్ష) పోదు, డొమైన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది.

రిమూవల్స్. మీకన్నా ముందువాళ్లు పెట్టిన అభ్యర్థన ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ఒక్కోటి సుమారు ఆరు నెలలు ఉంటుంది. రూట్ ప్రిఫిక్స్ మీద పెట్టి ఉంటే మీ సైటు మొత్తం దాగిపోతుంది. ఉంటే క్యాన్సిల్ చేయండి.

యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో హోమ్‌పేజీ పెట్టి, "గూగుల్ సెలెక్టెడ్ కానానికల్" (గూగుల్ అసలుదిగా ఎంచుకున్న చిరునామా) ఏముందో. పాత యజమాని డొమైన్‌ని వేరే డొమైన్‌కి 301 చేసి వెళ్లిపోతే ఇక్కడ ఆ వేరే డొమైనే కనిపిస్తుంది. ఛేంజ్ ఆఫ్ అడ్రస్ (సైటు వేరే డొమైన్‌కి మారిందని గూగుల్‌కి చెప్పే టూల్) కూడా వాడి ఉంటే దాని ప్రభావం 180 రోజులు.

యూజర్స్ అండ్ పర్మిషన్స్‌లో పాత ఓనర్‌షిప్ టోకెన్లు. డీఎన్‌ఎస్‌లో వాళ్ల పాత గూగుల్ వెరిఫికేషన్ టీఎక్స్‌టీ లైను మిగిలి ఉంటే వాళ్లు ఇంకా ఓనర్లే. తీసేయండి.

ఇంకొకటి, గూగుల్‌తో సంబంధం లేనిది. జూదం సైట్లను మన దేశంలో ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద బ్లాక్ చేయిస్తారు. ఈ డొమైన్ ఆ జాబితాలో ఎప్పుడైనా పడిందేమో, రెండు మూడు వేర్వేరు నెట్‌వర్కుల్లో తెరిచి చూడండి. అమెరికాలో ఉన్న కస్టమర్‌కి తెరుచుకుని హైదరాబాద్‌లో తెరుచుకోకపోతే ఎస్‌ఈఓ ఎంత చేసినా దండగ.

---

పచ్చడి_జాడీ

థాంక్సండీ ఇద్దరికీ. చూసినవి ఇవీ:

మాన్యువల్ యాక్షన్స్, సెక్యూరిటీ ఇష్యూస్ రెండూ ఖాళీ. రిమూవల్స్‌లో మేం పెట్టినవే ఉన్నాయి. హోమ్‌పేజీ ఇన్‌స్పెక్ట్ చేస్తే గూగుల్ ఎంచుకున్న కానానికల్ "హెచ్‌టీటీపీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ" రూపం. నాయుడు గారు చెప్పినట్టే ఆ సీనేమ్ పార్కింగ్ వైపే ఉంది. వైల్డ్‌కార్డ్ కూడా ఉంది, ఏ సబ్‌డొమైన్ కొట్టినా షాపే వస్తోంది. పాత చిరునామాల్లో సగం పైగా ప్రశ్నార్థకం రకమే, అవన్నీ 200 ఇస్తున్నాయి.

నెట్‌వర్క్ టెస్టులో ఒక బ్రాడ్‌బ్యాండ్‌లో తెరుచుకోవట్లేదు, మిగతా వాటిలో బాగానే ఉంది. అది బ్లాకేనా?

---

నేమ్‌సర్వర్_నాయుడు

బ్లాకో, పాత డీఎన్‌ఎస్ క్యాషో ముందు తేల్చండి. ఆ కనెక్షన్ మీదే ఎన్ఎస్‌లుకప్ (డొమైన్ పేరుకి ఏ ఐపీ వస్తోందో చూపే కమాండ్) రెండుసార్లు నడపండి: ఒకసారి వాళ్ల డీఎన్‌ఎస్‌తో, ఒకసారి గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8తో. రెండోది మీ హోస్టింగ్ ఐపీ ఇచ్చి మొదటిది వేరే ఐపీ ఇస్తే, ఆ ఐపీ ఎవరిదో చూడండి. పార్కింగ్ సర్వీసుదైతే పాత రికార్డు ఇంకా క్యాష్‌లో ఉన్నట్టు, టీటీఎల్ (క్యాష్‌లో ఉంచే సమయం) గడువు తీరాక పోతుంది. ప్రైవేటు ఐపీ గానీ, ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) సొంత ఐపీ గానీ వస్తే డీఎన్‌ఎస్ స్థాయి బ్లాక్. రెండింట్లోనూ సరైన ఐపీ వచ్చి కూడా హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మధ్యలో రీసెట్ అయితే డొమైన్ పేరు చూసి ఆపుతున్నారన్నమాట. ఈ చివరిది డీఎన్‌ఎస్ మార్చుకున్నా పోదు.

నిజంగా ఉత్తర్వు మీద జరిగిన బ్లాక్ అయితే కస్టమర్ కేర్ వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఐటీ మంత్రిత్వ శాఖ నుంచి టెలికాం శాఖ ద్వారా ఐఎస్‌పీలకు వెళ్లే ఉత్తర్వు అది. కొనుగోలు బిల్లు, రిజిస్ట్రేషన్ వివరాలు, ఇప్పటి సైటు స్క్రీన్‌షాట్లు జతచేసి పైకి రాయాల్సిందే. ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకే ఒక్క నెట్‌వర్క్‌లో ఆగుతోంది కాబట్టి మీది క్యాష్ కావడానికే ఎక్కువ అవకాశం.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ సరిచేసే పద్ధతి: సీనేమ్‌ని మెయిన్ డొమైన్‌కి చూపించండి. సర్టిఫికెట్‌లో రెండు పేర్లూ ఉండేలా మళ్లీ తీసుకోండి, లేకపోతే రీడైరెక్ట్ జరిగేలోపే బ్రౌజర్ హెచ్చరిక వస్తుంది. హెచ్‌టీటీపీ రెండు రూపాలూ, హెచ్‌టీటీపీఎస్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రూపమూ ఒక్క అడుగులో అసలు చిరునామాకు 301 కావాలి. రెండు మూడు అడుగుల గొలుసు వద్దు. వైల్డ్‌కార్డ్ రికార్డు తీసేయండి. లేని సబ్‌డొమైన్ డీఎన్‌ఎస్‌లోనే దొరక్కపోతే గూగుల్ ఆ పేజీల్ని కొన్నాళ్లకు తనే వదిలేస్తుంది.

---

లింక్_లెక్కలు

డిజవో గురించి ఎవరూ చెప్పలేదు. ఈ డొమైన్‌కి జూదం లింకులు కుప్పలుగా ఉంటాయి, నన్నడిగితే ముందే పెట్టేయడం నయం. ఒక విషయం గుర్తుంచుకోండి: డిజవో టూల్ డొమైన్ ప్రాపర్టీలో పనిచేయదు, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ విడిగా తీసుకోవాలి. ఫైలు యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైలు, 2 ఎంబీ లేదా 1,00,000 లైన్లు దాటకూడదు. ఒక్కో పేజీ కాకుండా డొమైన్ కోలన్ అని మొదలుపెట్టి మొత్తం సైటుని రాయండి.

---

క్రాల్_బావ

ఫార్మాట్ వివరాలు సరైనవే, సలహాతోనే నాకు పేచీ. మాన్యువల్ యాక్షన్ లేదని ఆయన చూసి మరీ చెప్పారు. 2016 సెప్టెంబరులో వచ్చిన పెంగ్విన్ 4.0 (లింకు స్పామ్ మీద గూగుల్ అప్‌డేట్) నుంచి ఇలాంటి లింకుల్ని గూగుల్ శిక్షించడం కన్నా లెక్కలోంచి తీసేయడమే ఎక్కువ. పైగా ఆ లింకులు చేరే పేజీలు 410 అయితే అవి ఎక్కడికీ చేరవు. డిజవో ఫైల్లో పొరపాటున పాత ట్రావెల్ బ్లాగుకి వచ్చిన మంచి లింకులు కూడా కలిపేస్తే ఉన్నదీ పోతుంది. మాన్యువల్ యాక్షన్ వచ్చిన రోజు పెట్టుకోవచ్చు.

ఆ బ్లాగు లింకుల మాట వచ్చింది కాబట్టి: వాటిని వాడుకుందామని పాత ట్రావెల్ వ్యాసాల్ని వేబ్యాక్ నుంచి దింపి మళ్లీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నిబంధనల్లో ఎక్స్‌పైర్డ్ డొమైన్ అబ్యూజ్ అని విడిగా చేర్చింది సరిగ్గా దీని కోసమే. పాత డొమైన్ మీద కొత్త, అసలైన షాపు నడపడం తప్పు కాదు. పాత పేరు పలుకుబడితో ర్యాంకు కొట్టాలని చూడటమే తప్పు. ఆ వ్యాసాలు ఎవరి కాపీరైటో అన్న గొడవ ఎలాగూ ఉంది.

పచ్చడి గారూ, ఇప్పుడు పాత పేజీలు త్వరగా పోవడానికి ఒక చిట్కా. పాత చిరునామాల జాబితా తయారుచేయండి. సెర్చ్ కన్సోల్ రిపోర్టుల నుంచి ఎగుమతి చేస్తే 1,000 వరుసలే వస్తాయి, మిగతావి సర్వర్ యాక్సెస్ లాగ్‌లో గూగుల్‌బాట్ అడిగినవాటి నుంచి, వేబ్యాక్ యూఆర్‌ఎల్ జాబితా నుంచి తీసుకోండి. లాగ్‌లో గూగుల్‌బాట్ అని రాసుకున్నవన్నీ నిజమైనవి కావు, ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు వెతకడం) చేసి సరిచూసుకోండి. 410 రూల్స్ పెట్టాక ఆ జాబితాతో తాత్కాలికంగా వేరే సైట్‌మ్యాప్ (గూగుల్‌కి ఇచ్చే చిరునామాల ఫైలు) ఇవ్వండి, లాస్ట్‌మాడ్‌లో (చివరగా మారిన తేదీ) 410 పెట్టిన తేదీ వేయండి. ఒక ఫైల్లో 50,000 చిరునామాల వరకు పడతాయి. ఎక్కువ భాగం పోయాక ఆ సైట్‌మ్యాప్ తీసేయండి. ప్రొడక్టుల సైట్‌మ్యాప్‌తో దీన్ని కలపొద్దు.

లెక్కకి సైట్ కోలన్ అంకెను నమ్మకండి, అది ఉజ్జాయింపు. పేజెస్ రిపోర్టులో "నాట్ ఫౌండ్" పెరుగుతూ "ఇండెక్స్‌డ్" తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. ఆ 404ల దగ్గర "వ్యాలిడేట్ ఫిక్స్" నొక్కాల్సిన పని లేదు, అవి తప్పులు కావు, మీరు కోరుకున్నవే. తరచూ క్రాల్ అయ్యేవి రోజుల్లో పోతాయి, లోపలెక్కడో ఉన్నవి నెలలు పట్టొచ్చు. కస్టమర్లకు కనబడి పరువు తీసేవాటికి మాత్రం రిమూవల్స్ ప్రిఫిక్స్ ఆప్షన్ వాడండి. కానీ ఆ పెట్టెలో ఫోల్డర్ పేరు పూర్తిగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని నొక్కండి. ఒట్టి డొమైన్ పెడితే మీ షాపు కూడా మాయం.

---

పచ్చడి_జాడీ

అర్థమైంది. సీనేమ్, వైల్డ్‌కార్డ్, 410 రూల్స్ ఈ వరుసలో మొదలుపెడతాం. మరి ప్రొడక్ట్ పేజీలు? ఇంకో సంగతి, ప్రొడక్ట్ లింకు వాట్సాప్‌లో పంపితే కొందరికి పాత బొమ్మ, పాత పేరే ప్రివ్యూగా వస్తున్నాయి. అసలు ఈ డొమైన్ వదిలేసి కొత్తది తీసుకుంటే నయమా?

---

క్రాల్_బావ

ప్రొడక్ట్ పేజీలది వరుస సమస్య. వేల పాత చిరునామాలు 200 ఇస్తూ, ప్రతి సబ్‌డొమైన్‌లో అదే షాపు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే గూగుల్‌కి కొత్త పేజీల దాకా రావడానికి తొందరేమీ ఉండదు. 410లు పెట్టాక సెట్టింగ్స్‌లో క్రాల్ స్టాట్స్ చూస్తుండండి. ఈలోగా హోమ్‌పేజీ నుంచి ప్రతి కేటగిరీకి, కేటగిరీ నుంచి ప్రతి ప్రొడక్ట్‌కి మామూలు లింకు ఉండాలి. ఆవకాయ, గోంగూర, కరివేపాకు పొడి పేజీలన్నింట్లో అదే మూడు లైన్ల వివరణ కాపీ చేసి ఉంటే దాన్ని మార్చండి. బరువు, నూనె ఏది, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, విదేశాలకు ప్యాకింగ్ ఎలా, ఇవి ఒక్కోదానికి విడిగా రాయండి. రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ముఖ్యమైన కొన్ని పేజీలకే వాడండి. హోస్టింగ్ ఫైర్‌వాల్‌లో "ఇండియా ట్రాఫిక్ మాత్రమే" అన్న సెట్టింగ్ ఉంటే ఆపేయండి, గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. "టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్" నొక్కితే 403 (అనుమతి లేదు) వస్తోందేమో తెలిసిపోతుంది.

వాట్సాప్ ప్రివ్యూ ఓజీ ట్యాగుల నుంచి వస్తుంది. మెటా షేరింగ్ డీబగ్గర్‌లో చిరునామా పెట్టి స్క్రేప్ ఎగైన్ నొక్కి, ఇప్పుడు ఏ బొమ్మ, ఏ పేరు వస్తున్నాయో చూడండి. అక్కడ కమ్యూనిటీ స్టాండర్డ్స్ పేరుతో డొమైన్‌నే ఆపేసినట్టు వస్తే రివ్యూ అడగాలి.

---

నేమ్‌సర్వర్_నాయుడు

వదిలేయాలా అన్నదానికి: డొమైన్ వయసు చూసి ర్యాంకు ఇవ్వబోమని గూగుల్ వాళ్లు చాలాసార్లే చెప్పారు. కాబట్టి 2011 అన్న తేదీ కోసం దీన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. అలాగని పారేయాల్సిన కారణం కూడా ఇప్పటిదాకా మీరు చెప్పినవాటిలో లేదు. పార్కింగ్ సీనేమ్, 200 ఇచ్చే పాత పేజీలు, రెండూ మీ చేతిలో ఉన్నవే. ప్యూర్ స్పామ్ మాన్యువల్ యాక్షన్ ఉండి రీకన్సిడరేషన్ (మళ్లీ పరిశీలించమన్న అభ్యర్థన) తిరస్కరిస్తేనో, ఆ బ్రాడ్‌బ్యాండ్‌లో ఆగేది నిజంగా 69ఎ బ్లాకని తేలితేనో అప్పుడు మారండి. డబ్బాల మీద, లేబుళ్ల మీద డొమైన్ పేరు ప్రింట్ చేయించేది ఉంటే ఆ ఎన్ఎస్‌లుకప్ సంగతి తేలేదాకా ఆపండి.

ఒకవేళ మారితే ఇక్కడి నుంచి కొత్త డొమైన్‌కి 301 మాత్రం పెట్టకండి, ఈ చరిత్రంతా వెంటబెట్టుకుని వెళ్లినట్టవుతుంది. కస్టమర్ల కోసం ఇక్కడ ఒక్క పేజీ ఉంచి, నోఇండెక్స్ ట్యాగుతో (సెర్చ్‌లో చూపొద్దని), కొత్త చిరునామా నోఫాలో లింకుగా (గూగుల్ లెక్కించొద్దని) ఇవ్వండి. ఆర్డర్ మెయిళ్లు ఈ డొమైన్ నుంచే వెళ్తుంటే స్పామ్‌హాస్ (స్పామ్ డొమైన్ల జాబితా నడిపే సంస్థ) లుకప్‌లో ఒకసారి పేరు కొట్టి చూడండి, ఎస్‌పీఎఫ్ రికార్డులో (ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) పాతవాళ్ల సర్వర్ ఏదైనా మిగిలి ఉంటే ఈరోజే తీసేయండి.